పిల్లలకోడి వంతు

నీళ్ల చుక్క కోసం కొట్లాడుకున్నోళ్లను మీరు చూసే ఉంటరు. ఆకాశం చుక్క కోసం అంగీలు చింపుకున్నోళ్లను చూసిండ్రా? మా ఊర్ల ఈ రెండూ ఒక్కటే కొట్లాట. మడిల చుక్కను కొలిచేది మింట ఉన్న చుక్క గనుక, కింద తగ్గితే పైదాన్ని తిట్టేది. చెన్నూరుకు కోసెడు దూరం మా ఊరు. నక్కలకుంట కింది క్షేత్రం మాది. నక్షత్రాలతోటి మాకు గాక ఇంకెవరికి పని?

కుంట కింద పక్కపక్కనే రెండు పొలాలు. కాలువ వచ్చి ఒక బండరాయి కాడ రెండుగ చీలుతది. ఎడమ దిక్కు హనుమండ్లు పొలం, కుడి దిక్కు రాయమల్లు పొలం. ఇద్దరూ అన్నదమ్ముల కొడుకులు. ఇట్లాంటోళ్లను మా దిక్కు పాలోళ్లంటం. పాలు పంచుకున్నోళ్లు గనుక పాలోళ్లు. వీళ్లు పంచుకున్నయి మాత్రం విరిగిన పాలు. హనుమండ్లు పెద్దోడు, మీసం పెద్దది, గొంతు పెద్దది. రాయమల్లు చిన్నోడు, బక్కోడు, గొంతు ఇంకా పెద్దది. ఎంత తిట్టుకున్నా వరుస తప్పకపోతుండ్రి. "అన్నా, నీ నోట్ల మన్నువడ" అని వీడు, "తమ్మీ, నీ మొకం మాడ" అని వాడు. మర్యాదకు మర్యాద, మన్నుకు మన్ను.

ఈ రెండింటి కింద ఒక చిన్న మడి. అది వీళ్ల మేనత్త ఐలవ్వది. పసుపు కుంకుమల కింద తండ్రి ఇచ్చిండు. "ఎవ్వరి వంతుల లేని నీళ్లు నీవి బిడ్డా" అని ఊరందరి ముందట నోటి మాట గూడ ఇచ్చిండు. ఎవ్వరి వంతుల లేని నీళ్లంటే ఏంది? వట్టి నోటి తడి. ఐలవ్వ ఆ మడిల ఊట నీళ్లతోటి పిడికెడు వరి బతికిచ్చుకుంట, మేనల్లుండ్లను ఇద్దరినీ సమానంగ తిట్టేది. తిట్టుకాడ మాత్రం వంతు తప్పకపోయేది.

ఇగ వంతు సంగతి చెప్త. ఆ కాలువల పగటి నీళ్లు ఊరందరివి, రాత్రి నీళ్లు ఈ రెండిండ్లవి. వాళ్ల బాపులు పొలం పంచుకున్న నాడు, కార్తీకంల, రాత్రిని గూడ రెండు తుండ్లు చేసిండ్రు. దీపాలు పెట్టిన యాళ్లకెళ్లి పిల్లలకోడి నడినెత్తికి వచ్చేదాక రాయమల్లు ఇంటిది. ఆడికెళ్లి వేగుచుక్క పొడిచేదాక హనుమండ్లు ఇంటిది. పిల్లలకోడి ఏందని పట్నపోళ్లు అడుగుతరు. సన్న చుక్కలన్నీ ఒక్క కాడ కుప్పవోసినట్టు, తల్లి రెక్కల కింద పిల్లలు ముడుచుకున్నట్టు ఉంటది. అయ్యగారు కృత్తిక అనేది దాన్నే. కార్తీకంల అది నడిరాత్రికి సరిగ్గ నెత్తి మీదికి వస్తది. సగం నీది, సగం నాది. ఇందుల ఎవ్వలకూ అన్యాయం లేదు.

బాపుల కాలంల ఆ లెక్క మంచిగనే నడిచింది. ఎందుకంటే అప్పుడు కుంట నీళ్లు కార్తీకం దాటకపోయేది. వానకాలం వరికి ఆఖరి తడి పెట్టంగనే కుంట ఎండేది, కోడి పని గూడ అయిపోయేది. బాపులిద్దరూ కాలం చేసిండ్రు. తర్వాత పంచాయతి సమితోళ్లు కుంట కట్ట ఎత్తు పెంచిండ్రు. అరవై మూడుల వానలు గూడ దంచికొట్టినయి. మా ఊరు పుట్టినకాడికెళ్లి మొదటిసారి యాసంగికి, అంటే రెండో పంటకు, నీళ్లు మిగిలినయి. ఇద్దరూ యాసంగి వరి నాటిండ్రు. వరి కొత్తది, నీళ్లు కొత్తవి, వంతు మాత్రం బాపులనాటిది. కార్తీకానికి కుట్టిన అంగీ తెచ్చి మాఘానికి తొడిగిండ్రు. ఎక్కడ చినుగుతదో ఇద్దరికీ తెలువది.

రాయమల్లుకు ఆ యాసంగి ఉత్త పంట కాదు. వానకాలం వరిని పురుగు తిన్నది. ఇంట్ల గింజ లేదు. యాసంగి చేతికొస్తే ఇల్లు నిలుస్తది, రాకుంటే బెల్లంపల్లి పోయి బొగ్గుబాయిల దిగుడే. బామ్మర్ది కొండల్ ఆడనే పని చేస్తుండు. "రా బావా, పేరు రాయిస్త" అని రెండుసార్లు చెప్పి పంపిండు. రాయమల్లు హనుమండ్లుకు భయపడడు, పాముకు భయపడడు, చీకటి గదిలకు పోవాలంటే మాత్రం పెండ్లాం చేత దీపం పట్టిచ్చుకొని పోతడు. అట్లాంటోడు భూమి కడుపులకు ఎట్ల దిగుతడు?

పుష్యంల మొదలైంది తిరకాసు. రాయమల్లు నీళ్లు కట్టి గెట్టు మీద కూసున్నడో లేదో, అవతలికెళ్లి కేక.

"తమ్మీ, కోడి నెత్తి మీదికొచ్చింది. బంద్ చెయ్!"

"గప్పుడేనా?"

"సూస్కో. నీకు మెడ లేదా?"

చూసేదానికి ఒక పద్ధతి ఉన్నది. కాలువ చీలే కాడి బండరాయి మీద తల పెట్టి వెల్లకిల పండాలె. ముక్కుకు సూటిగ ఏ చుక్క ఉంటే అదే నడినెత్తి. రాయమల్లు పండి చూసిండు. ముక్కుకు సూటిగనే ఉన్నది కోడి. లేచి తన దిక్కు కాలువకు మట్టి అడ్డం వేసిండు. రెండొద్దులకు ఆ కేక ఇంకా తొందరగ వచ్చింది. వారానికి ఇంకా తొందరగ.

"రాయిని ఒరగగొట్టినవురా! పగటీలి వచ్చి గడ్డపార పెట్టి లేపినవు!" అన్నడు రాయమల్లు.

"రాయి ఒరగలే. నీ తల ఒరిగింది. లోపటేమన్న ఉంటే గదా సక్కగ నిలవడేది?"

రాయమల్లు రాయిని తవ్వి సరిచేసిండు. హనుమండ్లు వచ్చి మళ్లా సరిచేసిండు. సరిచేసుడే సరిపోయింది, నీళ్లు సరిపోలే. గెట్టు దాటితే తిట్టు, తిట్టు దాటితే జుట్టు. ఊరోళ్లు రెండుసార్లు వచ్చి విడిపిచ్చిండ్రు. ఎటు పండి చూసినా కోడి మాత్రం రోజురోజుకూ ముందుగాలనే నెత్తి మీదికి వస్తుంది.

రాయమల్లు పెండ్లాం బాలవ్వ మడిల దిగి పిడికెడు మన్ను తీసి చూసింది. మన్ను పొడిపొడిగ రాలింది. "మాఘం వచ్చింది, మా గంజి పోయింది" అన్నది. ఆమె నవ్విచ్చేదానికి అనలేదు. వరి పొట్టకొచ్చే దినాలు. ఇప్పుడు నీళ్లు లేకుంటే కంకి లోపలనే ఎండుతది.

శివరాత్రి నాడు పొద్దు మునిగింది. రాయమల్లు పార పట్టుకొని కాలువ కాడికి పోయేవరకు హనుమండ్లు అప్పటికే బండరాయి మీద పండి మీసం దువ్వుకుంటుండు.

"ఇగ నువ్వు కట్టుడు లేదు తమ్మీ. సీకటి పడంగనే కోడి నెత్తి మీద ఉన్నది. నీ వంతు పుట్టకముందే సచ్చింది."

"అన్నా, నీకు కడుపా, కుంటనా? రాత్రంతా తాగుతవా?"

"బాపులు వెట్టిన లెక్క. నేను వెట్టిన్నా? పోయి కోడినడుగు."

"నువ్వు మంత్రం ఏపిచ్చినవు. కోడిని ముందుకు గుంజినవు."

"గుంజిన. పులుసు గూడ వండుకున్న. నీకు తునక గాదు, ఈక గూడ లేదు. నడువ్!"

గెట్టు కింద ఐలవ్వ ఇదంతా ఇంటుంది. "ఒకడు నీళ్లు లేక ఏడుస్తుండు, ఒకడు నీళ్లల్ల మునిగి ఏడిపిస్తుండు. మీ అయ్యలు ఇద్దరూ గిట్ల ఏనాడూ కొట్లాడకపోయిరి" అని ఇద్దరికీ తిట్లు చెరి సగం వడ్డించి ఇంటికి పోయింది.

రాయమల్లుకు మంత్రం సంగతే మనసుల పడ్డది. విరుగుడు కావాలె. చెన్నూరుల చుక్కలతోటి మాట్లాడే సాయబు ఉన్నడని ఎవ్వరో చెప్పిండ్రు. రంజాన్ పండుగ అయిన మూడొద్దులకు, సందె యాళ్ల, పోయి తలుపు కొట్టిండు.

ఆ సాయబు పేరు వాహెద్. జంగ్లాత్ల, అంటే అడవి శాఖల, నౌకరి చేసి ఇంట్ల కూసున్నడు. గుట్ట మీది మంచె ఎక్కి అడవి ఎక్కడన్న అంటుకున్నదా అని దుర్బీన్ పెట్టి చూసే పని ఆయనది. నౌకరి అయిపోయినంక అట్లాంటిదే పాత ఇత్తడి దుర్బీన్ హర్రాజు పాటల పాడి కొనుక్కున్నడు. ఇన్నేండ్లు అడవి మంటలు చూసిండు, ఇగ ఆకాశం మంటలు చూస్తుండు. ఆయన మంత్రగాడు కాదు. ముక్కోపి. తలుపు తీసిన ఆయన పెండ్లాం సుల్తాన్ బీ లోపటి దిక్కు తిరిగి, "ఏమండీ, మీ జోడు ఇంకొక పాగల్ వచ్చిండు" అని చెప్పి పోయింది.

"సాబ్, మా అన్న కోడిని కట్టేసిండు. విడిపియ్యాలె."

"పోలీసు ఠాణాకు పో."

"ఆకాశం కోడి సాబ్."

వాహెద్ సాబ్ ముఖం మారింది. మిద్దె మీదికి తీసుకపోయి, మూడు కాళ్ల కట్టె గుర్రానికి దుర్బీన్ బిగిచ్చిండు. "సూడు మియా, నా కాడ ఒక తరీఖ ఉన్నది, ఒక పద్ధతి. కొత్తగ వచ్చినోడు ముందు చాంద్ చూడాలె. చాంద్ చూడనోనికి ఇంకేదీ చూపిచ్చ."

"చంద్రుడు నా వంతుల లేడు సాబ్. కోడి చూపిస్తే చాలు."

"చాంద్ చూస్తవా, మెట్లు దిగుతవా?"

రాయమల్లు కన్ను పెట్టిండు. సన్న నెలవంక, దాని అంచుకు గుంతలు, గుంతలల్ల నీడలు. ఎండిన కుంట అడుగు లెక్క నెర్రెలు. "ఈయనకు గూడ నీళ్లు రాలే" అన్నడు. అన్నడే గాని, అవతలికి తియ్యమన్నా చానసేపు కన్ను తియ్యలే. వాహెద్ సాబ్ మెడ పట్టి తీసిండు.

తర్వాత కోడిని చూపిచ్చిండు. ఉత్త కన్నుకు ఆరు పిల్లలు. దుర్బీన్ల పెట్టేవరకు గంపెడు.

"అవ్వో! గింత సంసారం ఏసుకొని రోజూ ముందుగాల ఎందుకొస్తుంది సాబ్?"

"కోడి ఒక్కటే కాదు. అన్ని చుక్కలూ రోజుకు జర జర ముందుగాల వస్తయి. నీ అన్నకు గా తాకత్ లేదు. మాఘంల కోడి సందెకే నెత్తి మీద ఉంటది. నీ తాతనాడు గిట్లనే, నీ మనుమనినాడు గిట్లనే."

"అంటే వాడు మోసం చెయ్యలేదా?" రాయమల్లుకు నిమ్మళం కాలేదు. పరేషాన్ అయ్యిండు. మోసం చేసినోణ్ని కొట్టొచ్చు. కోడిని ఎట్ల కొడుతడు?

వాహెద్ సాబ్‌కు ఇగ ఊపు వచ్చింది. కోడికి తూర్పుగ గొర్రుకొయ్యలు చూపిచ్చిండు. విత్తనం పెట్టే గొర్రు పండ్ల తీరు మూడు చుక్కలు వరసగ. వాటి కింద పొగ పెట్టినట్టు మసక మసకగ ఒక మచ్చ. "ఆడ కొత్త చుక్కలు పుడుతయట" అన్నడు. "మేం పాతవాటితోటే సస్తున్నం" అన్నడు రాయమల్లు. ఉత్తరం దిక్కు మంచం కోళ్లు, అయ్యగారు సప్తర్షులు అనేటియి, అప్పుడప్పుడే లేస్తున్నయి. కోడి ముచ్చట అయిపోతే కోళ్ల ముచ్చట! నాలుగు కోళ్ల ముసలవ్వ మంచం, దాన్ని ఎత్తుకపోయే ముగ్గురు దొంగలు. "దొంగలు ఇంకా పొడవలే, జర ఆగు" అన్నడు వాహెద్ సాబ్. "అవసరం లేదు సాబ్. మా ఊర్ల ఉన్నడు ఒకడు, రోజూ సూస్తున్న."

ఆఖరికి దుర్బీన్‌ను పడమటికి తిప్పిండు. అక్కడ పెద్ద చుక్క ధగధగ మండుతుంది. దుర్బీన్ల అది గుండ్రంగ లేదు, ఒక పక్క కొరికిన రొట్టె లెక్కున్నది.

"గిదేంది సాబ్?"

"శుక్రుడు. మీరు వేగుచుక్క అనేది గిదే."

"సాబ్, మీకు కండ్లు మసకైనయా? వేగుచుక్క తూర్పుకు పొడుస్తది. తెల్లారగట్ల."

"కొన్ని నెలలు పొద్దుగాల తూర్పుకు. కొన్ని నెలలు మాపటీలి పడమటికి. బొగ్గుబాయిల షిఫ్టు మారినట్టు. చుక్క ఒక్కటే. ఈ చలికాలమంతా మాపటి డ్యూటీ."

రాయమల్లు నోరు తెరిచిండు. నెమ్మదిగ మూసిండు. మూసేటప్పుడు అది నవ్వయింది. దుర్బీన్ల చూసి దుర్బుద్ధి నేర్చుకున్న మొదటి మనిషి మా రాయమల్లే. "శుక్రియా సాబ్" అన్నడు. ఆ శుక్రియ ఆయనకో శుక్రునికో మాత్రం చెప్పలేదు. "రేపు మాపటికి దుర్బీన్ తీస్కొని మా ఊరికి రావాలె. బండి నేను పంపిస్త."

మర్నాడు పొద్దు మునిగే యాళ్లకు బండరాయి కాడ పంచాయతి. సర్పంచి లక్ష్మీరాజం కట్ట మీద తువ్వాల పరుచుకొని కూసున్నడు. ఊరు ఊరంతా వచ్చింది. ఇంత పొలం ఎండుతుందంటే రానోళ్లు, దుర్బీన్ వస్తుందంటే పిల్లాజెల్లతోటి వచ్చిండ్రు. ఐలవ్వ గెట్టు మీద తన కాడ తను కూసున్నది.

రాయమల్లు మొదలుపెట్టిండు. "అన్నా, బాపుల మాట పెద్దదా, మన మాట పెద్దదా?"

"బాపుల మాటే. చుక్క తప్పద్దు."

"సర్పంచి సాబ్, యాదివెట్టుకోండ్రి. చుక్క తప్పద్దట. గిప్పుడు నీ వంతు ఎప్పటిదాకనో జర నోరు తెరిసి చెప్పన్నా."

"వేగుచుక్క పొడిసేదాక. పాలు తాగే పోరడు గూడ చెప్తడు."

"ఇయ్యాల పొద్దుగాల వేగుచుక్క పొడిసిందా?"

హనుమండ్లు తూర్పుకు చూసిండు. ఐలవ్వ అందుకున్నది. "యాడ పొడిసింది? కోడి కూయకముందు లేస్త నేను. ఈ సలికాలమంతా తూర్పు బోడిగనే ఉన్నది."

"ఎందుకు పొడవలేదంటే, అగో, గాడున్నది!" రాయమల్లు పార ఎత్తి పడమటికి చూపిచ్చిండు. "దీపాల యాళ్లకే పొడిసి కూసున్నది. అంటే నీ వంతు దీపాల యాళ్లకే అయిపోయింది. నా వంతు పుట్టకముందే సచ్చిందంటివి గదా, నీది తల్లి కడుపులనే సచ్చింది!"

హనుమండ్లు తొడ కొట్టుకొని నవ్విండు. "గది సందెచుక్కరా మొద్దు! వేగుచుక్క తూర్పుకు, గిది పడమటికి. నువ్వు గీడున్నవు, నీ బామ్మర్ది బెల్లంపల్లిల ఉన్నడు. ఇద్దరూ ఒక్కడేనా? వాని అక్కనడగాలె."

జనం గూడ నవ్విండ్రు. వాహెద్ సాబ్‌కు కోపం వచ్చింది. "నవ్వకుండ్రి! ఒక్కొక్కడు వచ్చి చూడుండ్రి. ముందు చాంద్..." "చాంద్ రేపు సాబ్!" అని రాయమల్లు మొత్తుకున్నడు. వరస కట్టిండ్రు. చూసినోడల్లా ఒక మాట అన్నడు. కొరికిన రొట్టె అని ఒకడు, తెగిన గోరు అని ఒకడు, ఆఖరుకు ఏమీ కనపడని ముసలాయన గూడ "అబ్బో" అన్నడు. లక్ష్మీరాజం గూడ చూసిండు. "రొట్టె నిజమే. గాని రొట్టె వేగుచుక్క అని ఎట్ల నమ్మాలె? రాత్రికి రాత్రి రుజువైతదా?"

"కాదు. కొన్ని నెలలు చూడాలె" అన్నడు వాహెద్ సాబ్.

"నెలలు చూసేవరకు నా వరి గడ్డైతది!" అన్నడు రాయమల్లు. గొంతు మొదటిసారి చిన్నగైంది. బాలవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఊరోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకుంట లేస్తుండ్రు. ఇగ హనుమండ్లు ఊకుంటే గెలుస్తుండె. ఊకునే వంశం కాదది.

"ఆగుండ్రి!" అన్నడు మీసం తిప్పి. "వాని లెక్క అయింది, ఇగ నా లెక్క ఇనుండ్రి. వేగుచుక్క పొడిసేదాక నా వంతు. వేగుచుక్క ఈ సలికాలమంతా పొడవనే లేదు. అత్తే చెప్పింది. అంటే నా వంతు అయిపోనే లేదు! రాత్రీ నాదే, పగలూ నాదే. ఇన్నొద్దులు పగటి నీళ్లు ఊరికి ధర్మం చేసిన. రేపటికెళ్లి అదీ బంద్!"

పగటి నీళ్లంటే ఊరి నీళ్లు. లక్ష్మీరాజం వరి ఆ నీళ్లతోటే బతుకుతుంది. అందరూ ఒక్కసారే లేచిండ్రు.

"నీ నోట్ల పురుగులు వడ!"

"ధర్మం చేసినవా? నీ బాపు తవ్విండా కుంట?"

"మీసం గొరుగుండ్రి ముందు!"

లక్ష్మీరాజం మళ్లొకసారి దుర్బీన్ల కన్ను పెట్టిండు. ఈసారి రెప్ప గూడ కొట్టలే, అంతల్నే తీసిండు. "వేగుచుక్కే!" అన్నడు. "ఇందాక సరిగ సూడలే."

"వేగుచుక్కే, వేగుచుక్కే!" అన్నరు అందరు. ఏమీ కనపడని ముసలాయన అందరికంటె గట్టిగ అన్నడు. ఆకాశశాస్త్రం మా ఊరికి ఇట్ల వచ్చింది. ఎవ్వరికీ ఎక్కలేదు, ఎవ్వరి మడి వాళ్లకు గుర్తుకొచ్చింది.

"హనుమండ్లు, నీ వంతు దీపాలతోటే అయిపోయింది" అని లక్ష్మీరాజం తీర్పు చెప్పిండు. రాయమల్లు పార భుజానికెత్తుకున్నడు.

హనుమండ్లు మీద మీదికి వచ్చిండు. "యాడికి పోతున్నవురా? నాకు లేకుంటే నీకూ లేదు! కోడి నడినెత్తికి వచ్చేదాక నీ వంతు. సూడు, పైకి సూడు! కోడి పడమటికి ఒరిగింది. బాపుల మాట చుక్క తప్పద్దు!"

అందరూ పైకి చూసిండ్రు. ఒరిగింది. లక్ష్మీరాజం తల గోక్కున్నడు. "అదీ నిజమే. వానికీ లేదు, నీకూ లేదు. మరి రాత్రి నీళ్లు ఎవ్వరివి?"

"ఎవ్వరివీ కావు!" అన్నడు హనుమండ్లు. తమ్ముణ్ని ఎండబెట్టిన సంబురంల తన పొలం యాదికి లేదు.

అప్పుడు గెట్టు మీదికెళ్లి ఐలవ్వ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నెమ్మదిగ లేచింది. "ఎవ్వరివీ కావన్నడు. అందరూ ఇన్నరా? సర్పంచీ, నువ్వు ఇన్నవా? ఎవ్వరి వంతుల లేని నీళ్లు నావని మా బాపు మాట. బాపుల మాట చుక్క తప్పద్దట గదా." అంటనే రాయమల్లు భుజం మీది పార గుంజుకొని, కాలువకు కుడి దిక్కున్న మట్టి అడ్డాన్ని ఒక్క దెబ్బకు కొట్టి, ఆ మట్టినే ఎడమ దిక్కు అడ్డం వేసింది.

రాయమల్లు నేల మీద కూలవడ్డడు. "అయిపోయిన్నే బాలవ్వా. కొండల్‌కు చెప్పి పంపు. పేరు రాయమను."

బాలవ్వ వాని నెత్తి మీద ఒక్కటి వేసింది. "ఓ మొద్దూ! అత్త మడికి నీళ్లు ఏ తొవ్వన పోతయి?"

నీళ్లు కుడి దిక్కు కాలువల గలగల పోయినయి. ఐలవ్వ మడికి వేరే కాలువ లేదు. రాయమల్లు మడులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నిండి, ఆఖరి గెట్టు పొర్లితేనే ఐలవ్వ మడిల పడుతయి. ఎండిన మడి మొదలు బుసబుస నీళ్లు పీల్చింది. రాయమల్లు లేచి, పంచె ఎగ్గట్టి, మడిల దిగి, మోకాళ్ల మీద కూసుండి వరి మొదళ్లను తడిమి చూసిండు.

"ఏయ్!" అన్నది ఐలవ్వ. "నీళ్లు నావి. ఆపినవో, కాళ్లు ఇరగ్గొడుత!"

"నేనాపుతలేనత్తా. వరికి దూపైతుంది, తాగుతుంది. దాన్ని తిట్టు."

ఆ రాత్రికెళ్లి ఐలవ్వ కట్టె పట్టుకొని రాయమల్లు గెట్టు మీదనే మంచం వేసుకున్నది. మడిల నీళ్లు చీలమండ దాటితే చాలు, తిట్లు మెడదాక వచ్చేది. రాయమల్లు ఒక్కొక్క తిట్టుకు దండం పెట్టి, తెల్లారంగనే ఆమెకు గంజి తెచ్చిచ్చేది. వారానికి వరి పొట్ట నల్లగ నిగనిగలాడింది. కొండల్ మూడోసారి చెప్పి పంపితే, "మీ బావ వస్తలేడు" అని బాలవ్వనే జవాబు చెప్పింది.

అవతల హనుమండ్లు పొలం నెర్రెలు వారింది. వాడు పట్టుదల పట్టిండు, పొలం పగుళ్లు పట్టింది. ఆఖరుకు ఒకనాడు సందెకు గెట్టు మీదికి వచ్చి, రాయమల్లుకు వీపు తిప్పి, ఐలవ్వ దిక్కు మొకం పెట్టి నిలవడ్డడు.

"అత్తా, వానికి చెప్పు. కోడి లెక్క ఇడిసిపెడుతున్న."

"అత్తా, వానికి చెప్పు. వాడు ఇడిసేదేంది? కోడే వాణ్ని ఇడిసింది."

"అత్తా, వాని మొకం..."

"నోర్లు ముయ్యుండ్రి!" అన్నది ఐలవ్వ. "నీళ్లు నావి, మాట నాది. కోడి వద్దు, వేగుచుక్క వద్దు. ఒక రాత్రి హనుమండ్లుది, ఒక రాత్రి రాయమల్లుది, ఒక రాత్రి నాది. పొద్దు మునిగేకెళ్లి పొద్దు పొడిసేదాక. సూర్యుడు మీ ఇద్దరి కంటె బుద్ధిమంతుడు. పంట ఇల్లు చేరేదాక గీ లెక్క. వచ్చే యాసంగికి మీ సావు మీరు సావుండ్రి."

ఇద్దరూ ఒప్పుకున్నరు. ఒకరితోటి ఒకరు మాట్లాడకనే ఒప్పుకున్నరు. రాయమల్లు వరి ఈనింది. హనుమండ్లుది గూడ ఈనింది, సగం తాలు పోయింది. తమ్మునిది ఎంతయిందో అని రోజూ గెట్టు మీద నిలవడి చూసి, పండ్లు కొరుక్కొని ఇంటికి పోయేది.

కోతలు అయినంక ఒకనాడు, సందె నమాజు అయ్యి వాహెద్ సాబ్ మిద్దె ఎక్కుతుంటే, తలుపు దబదబ మోగింది. సుల్తాన్ బీ తీసింది. గడపల పెద్ద మీసం.

"సాబ్ ఉన్నడా? ఆకాశం చూడాలె."

"ఎందుకు?" అన్నడు వాహెద్ సాబ్ పైనుంచి.

"వచ్చే యాసంగికి. రాయమల్లుకు ఏమేం చూపినవో అన్నీ నాకు చూపు. వానికి చూపనిది ఒక్కటి ఎక్కువ చూపు."

"నా కాడ తరీఖ ఉన్నది మియా. ముందు చాంద్."

హనుమండ్లు మెట్ల మీద ఆగిండు. "చాంద్ వాడు చూసిండా?"

"చూసిండు."

"అయితే నాకు రెండుసార్లు చూపు."